కొత్తగా బోరింగ్ చేయించిన ఇంజన్‌ని ఎలా నడపాలి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్ నమస్తే, మాది రాజమండ్రి. పాత మారుతి జిప్సీ ఉంది, 1300 సీసీ ఎంపీఎఫ్ఐ ఇంజన్. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజన్ మొత్తం విప్పించి 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే కొత్త రింగులు, బేరింగులు వేయించా, హెడ్ అడుగు కొంచెం చెక్కించి (స్కిమ్మింగ్) కంప్రెషన్ పెంచాం, వాల్వులు తెరిచే క్యామ్ కూడా మార్చాం. ఇప్పుడు మేస్త్రీ ఏమో ఫ్యాన్ పెట్టి, బండి కదపకుండా మూడు గంటలు స్లోలో వదిలెయ్, ఆ తర్వాత రెండు వేల కిలోమీటర్లు నలభై దాటొద్దు అంటున్నాడు. నా ఫ్రెండేమో మొదటి రోజే ఫుల్ రేస్ ఇచ్చి తోలితేనే పికప్ వస్తుంది అంటాడు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ఇద్దరి మాటా వినొద్దండి, ముఖ్యంగా ఆ మూడు గంటల స్లో మాట అస్సలు వినొద్దు. మన దగ్గర ప్రతి షెడ్డులో ఇదే చెప్తారు, మేస్త్రీలు మంచి మనసుతోనే చెప్తారు, కానీ కొత్త రింగులకి దానంత చెడు ఇంకోటి లేదు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే చెప్పేయగలరు.

బోరు కొట్టాక, అంటే సిలిండర్ లోపల కొంచెం పెద్దది చేశాక, గోడని రాయితో రుద్ది హోనింగ్ చేస్తారు కదా, టార్చ్ వేసి సిలిండర్ లోపలికి చూస్తే అడ్డంగా ఏటవాలుగా గీతలు కనపడతాయి, ఇటు నుంచి కొన్ని అటు నుంచి కొన్ని, ఈత చాప అల్లికలాగా. ఆ గీతల్లో ఆయిల్ నిలబడుతుంది, ఆ గీతల కొనలే కొత్త రింగుని సన్నగా అరగదీసి సిలిండర్‌కి సరిగ్గా అతుక్కునేలా చేస్తాయి. రింగు తన స్ప్రింగు బలంతోనే గోడకి అతుక్కుంటుందని చాలామంది అనుకుంటారు, ఆ బలం చాలా తక్కువండి, అసలు బలం మంట నుంచి వస్తుంది. పెట్రోలు మండినప్పుడు వచ్చే గ్యాస్ రింగు పైన సందులోంచి దూరి రింగు వెనక గాడిలోకి పోయి దాన్ని బయటికి, అంటే గోడ మీదకి నెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆ ఒత్తిడి ఎక్కువ, స్లోలో ఉంటే దాదాపు ఏమీ లేదు. మూడు గంటలు స్లోలో తిరిగితే రింగు గట్టిగా ఆనదు, ఆయిల్ పైకి తప్పించుకుని అక్కడే మాడుతుంది, ఆ మాడిన పొర హోనింగ్ గీతల్లోకి చేరి గోడ గాజు పలకలాగా నున్నగా అయిపోతుంది. ఆ గీతల కొనలకి పదును ఉండేది కాసేపే, ఆ కాసేపట్లో రింగు కూర్చోకపోతే ఇక ఎన్ని వేల కిలోమీటర్లు మెల్లగా తోలినా కూర్చోదు, ఆయిల్ తాగుతూనే ఉంటుంది, మళ్ళీ విప్పి హోనింగ్ కొట్టి కొత్త రింగులు వేయడమే దారి. ఖర్చంతా రెండోసారి.

మరి ఫ్రెండు చెప్పినట్టు ఫుల్ రేస్ ఎందుకు వద్దంటే, మొదట్లో రాపిడి ఎక్కువ కాబట్టి వేడి కూడా ఎక్కువ, బేరింగులూ పిస్టన్ పక్కలూ ఇంకా ఒకదానికొకటి అలవాటు పడలేదు, పైగా మీరు కంప్రెషన్ పెంచారు. కాబట్టి లోడు కావాలి, కానీ కాసేపు కాసేపు ఇవ్వాలి, మధ్యలో చల్లారనివ్వాలి.

ఇప్పుడు పని వరస చెప్తా. స్టార్ట్ చేయకముందే ఒకటి అడగండి, బోరు కొట్టాక బ్లాకు దేంతో కడిగారు అని. డీజిలో పెట్రోలో పోసి తుడిచేశాం అంటే సరిపోదు, హోనింగ్ రాయి పొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడి నీళ్ళు, సబ్బు పొడి, బ్రష్షు పెట్టి రుద్ది కడగాలి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూసి తెల్ల గుడ్డతో తుడవాలి, గుడ్డ తెల్లగానే వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ తుడవాలి. గుడ్డకి బూడిద రంగు అంటుకుందంటే ఆ పొడే రేపు మీ కొత్త బేరింగుల్ని తినేది. నేను లేత్ షాపుల చుట్టూ తిరిగినన్ని రోజుల్లో రీబోర్ అయిన కొన్నాళ్ళకే మళ్ళీ విప్పిన ఇంజన్లు చూశా, వాటిలో చాలా వాటికి కారణం పిస్టన్ కంపెనీ కాదు, ఈ కడగడమే. అలాగే రింగు గ్యాప్, అంటే సిలిండర్లో పెట్టిన రింగు రెండు కొనల మధ్య సందు, ఫీలర్ గేజితో చూశారా అడగండి, మామూలు వాడకానికి పాత లెక్క ప్రకారం అంగుళం బోరుకి 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), మీ బోరు ఇప్పుడు 74.5 మిల్లీమీటర్లు కాబట్టి పై రింగుకి సుమారు 0.30 మిల్లీమీటర్లు రావాలి, కిట్టుతో వచ్చిన కాగితంలో వేరే లెక్క ఉంటే అదే ఫైనల్.

తర్వాత ఆయిల్ ఫిల్టర్లో ముందే ఆయిల్ నింపి బిగించండి, ప్లగ్గులు విప్పి, పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కూడా కట్ చేసి పది పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా. లైటు ఆరకుండా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. రేడియేటర్లో గాలి లేకుండా నీళ్ళు, కూలెంట్ నింపండి. టైమింగ్ ముందే సరిగ్గా పెట్టించండి, ఒక్క స్టార్ట్‌కి అందుకోవాలి, గంటసేపు సెల్ఫ్ కొట్టి పెట్రోలుతో సిలిండర్ గోడలు కడిగేయకూడదు.

స్టార్ట్ అయ్యాక స్లోలో వదలకుండా 1500 నుంచి 2500 మధ్య ఆర్‌పీఎం మారుస్తూ ఉంచండి, క్యామ్ కొత్తది అన్నారు కాబట్టి దానికీ ఇదే మంచిది. లీకులు చూడండి, ఇంజన్ మామూలు వేడికి వచ్చేదాకా ఉంచండి, టెంపరేచర్ ముల్లు మీద కన్ను ఉంచండి. అంతే, ఆపేసి పూర్తిగా చల్లారనివ్వండి, అన్ని బోల్టులూ హోసులూ ఇంకోసారి చూసుకోండి. తర్వాత అదే రోజు రోడ్డెక్కండి. తెల్లవారుజామున జగ్గంపేట వైపు హైవే ఖాళీగా ఉంటుంది కదా, అక్కడ మూడో గేరులో సుమారు 30 నుంచి 60 దాకా సగం యాక్సిలరేటర్‌తో లాగండి, తర్వాత కాలు పూర్తిగా తీసేసి గేరులోనే ఉంచి మళ్ళీ 30కి దిగనివ్వండి, క్లచ్ తొక్కొద్దు. అలా ఓ పదిసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువ తొక్కుతూ, చివర్లో ముప్పావు దాకా. లాగినప్పుడు రింగు గోడని గట్టిగా పట్టుకుంటుంది, కాలు తీసినప్పుడు లోపల వ్యాక్యూమ్ వచ్చి ఆయిల్‌ని పైకి లాగి అరిగిన పొడిని కడిగేస్తుంది. కాలు తీయడం కూడా లాగినంత ముఖ్యం, ఇది చాలామంది మర్చిపోతారు.

ఇంటికొచ్చి వేడి మీదే ఆయిల్ దింపేయండి, 50 నుంచి 100 కిలోమీటర్లలోపు మొదటి ఆయిల్ మారిపోవాలి, ఫిల్టర్‌తో సహా. డబ్బులు వేస్ట్ అనుకోకండి, దింపిన ఆయిల్‌ని ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో పట్టి ఎండలో పెట్టి చూడండి, సిల్వర్ పెయింట్ కలిపినట్టు మెరుస్తుంది, వేళ్ళ మధ్య రుద్దితే ఏమీ తగలదు కానీ మెరుపు వేలికి అంటుకుంటుంది. అది మామూలే, అది లోపల తిరగకూడదనే మార్చమంటున్నా. కానీ గోటితో తీయగలిగినంత రేకులు కనపడినా, రాగి రంగు ముక్కలు కనపడినా వెంటనే ఆపి ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ ఛాంబర్ విప్పించండి, అవి బేరింగులవి. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుప పొడి అంటుకుంటుంది, బేరింగు లోహం అంటుకోదు, తేడా అలా పట్టుకోవచ్చు. ఫిల్టర్ కూడా కోసి లోపలి కాగితం విప్పి చూడండి.

ఆయిల్ మామూలు మినరల్ పోయండి, 20డబ్ల్యూ50 కానీ 15డబ్ల్యూ40 కానీ. రెండో మార్పు 500 దగ్గర, మూడోది 1500 దగ్గర, సింథటిక్ సంగతి ఆ తర్వాత చూడొచ్చు. షోరూమ్ నుంచి వచ్చే కొత్త కార్లలో సింథటిక్ ఉంటుంది కదా అంటారు, వాళ్ళ ఫ్యాక్టరీ హోనింగ్ వేరు, మన లేత్ హోనింగ్ వేరు.

మారేడుమిల్లి ఘాట్ ఎక్కడానికి మాత్రం ఓ 300 కిలోమీటర్లు ఆగండి, అక్కడ ఎక్కుడు ఆగకుండా ఉంటుంది, చల్లారే టైమ్ దొరకదు. ఆ తర్వాత ఘాట్ నిజంగా మంచి బడి, ఎక్కేటప్పుడు లోడు, దిగేటప్పుడు గేరులో ఇంజన్ బ్రేకింగు. హైవేలో గంటసేపు ఒకే స్పీడులో పోవడం, నాలుగో గేరులో 30కి దిగి బండి ముక్కుతుంటే తొక్కడం, ఈ రెండూ 1000 దాకా చేయకండి. పూర్తి రెడ్‌లైన్ కూడా 1000 అయ్యాకే. ఆయిల్ గేజి ప్రతి వంద కిలోమీటర్లకీ చూసి రాసిపెట్టుకోండి, మొదట కొంచెం తగ్గుతుంది, తర్వాత తగ్గడం ఆగిపోయిందంటే రింగులు కూర్చున్నట్టే.

ప్రశ్న: అన్నా, మాది హైదరాబాద్. నాన్నగారి రాజ్‌దూత్ 350 పదిహేనేళ్ళుగా షెడ్డులో ఉంటే ఈ ఏడాది క్రాంక్, పిస్టన్లు, రీడ్ వాల్వులు అన్నీ చేయించాం. నాన్నకి ఇప్పుడు 68 ఏళ్ళు, దాని మీద ఒక్క రౌండ్ కొట్టాలని ఆయన ఆశ. దీన్ని కూడా లోడు ఇచ్చే నడపాలా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసింది, ఆ బండి సౌండ్ మళ్ళీ ఒక ఇంటి ముందు వినపడబోతోందంటే అంతకంటే ఏం కావాలి. కానీ జాగ్రత్త, పైన జిప్సీకి చెప్పింది దీనికి యథాతథంగా చేయకు. అది ఫోర్ స్ట్రోక్, ఇది టూ స్ట్రోక్, 347 సీసీ, రెండు సిలిండర్లు, గాలికి చల్లబడే ఇంజన్. ఇక్కడ భయం రింగు గురించి కాదు, పిస్టన్ జామ్ గురించి. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లోపలి స్లీవ్ బీడు ఇనుము, అదే వేడికి అల్యూమినియం దాదాపు రెట్టింపు పెరుగుతుంది, మధ్యలో ఉండే సందేమో తల వెంట్రుక మందం కూడా ఉండదు. కొత్తలో వేడి ఎక్కువైతే పిస్టన్ ఉబ్బి గోడకి పట్టేసుకుంటుంది.

నాకు జరిగింది చెప్తా. చాలా ఏళ్ళ కిందట ఒక షెడ్డులో నా 350 చేయించి, రెండో రోజే కోదాడ వైపు బయల్దేరా, సూర్యాపేట దాటాక ఒక్కసారి బండి బరువెక్కినట్టు అనిపించింది, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు, గాలి ఎదురొస్తుందేమో అనుకుని ఇంకొంచెం యాక్సిలరేటర్ తిప్పా, అదే తప్పు, రెండు సెకన్లలో వెనక చక్రం లాక్ అయిపోయింది. క్లచ్ పట్టుకోవడం ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఈ కాలమ్ రాయడానికి ఉండేవాణ్ణి కాదు. తర్వాత విప్పి చూస్తే కుడి సిలిండర్ గీతలు పడిపోయింది, ఎడమది అద్దంలా ఉంది. ఆయిల్ పంపు నుంచి కుడి వైపు పోయే సన్నటి గొట్టంలో గాలి బుడగ, వేలి గోరంత పొడుగు, అంతే. షెడ్డులో పంపు గాలి తీయలేదు, నేనూ చూసుకోలేదు.

అందుకే నీకు మొదటి పని, ఆ పంపు. ఈ బండికి పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, ఆటోల్యూబ్ పంపు విడిగా ఆయిల్ ఇస్తుంది, విప్పి బిగించిన ప్రతిసారీ దాని బ్లీడ్ స్క్రూ తీసి బుడగలు రాకుండా ఆయిల్ వచ్చేదాకా చూడాలి, తర్వాత పంపుని చేత్తో తిప్పి రెండు గొట్టాల్లోనూ ఆయిల్ ఇంజన్ దాకా చేరిందని నీ కళ్ళతో నువ్వే చూడు, మేస్త్రీ చూశాడంటే నమ్మకు. పంపు కేబుల్ గుర్తు దగ్గరే ఉందా అదీ చూడు. మొదటి ట్యాంకులో ధైర్యం కోసం కొంచెం ఆయిల్ కలుపుతారు, లీటరుకి 10 ఎంఎల్ దాకా పర్లేదు, అంతకంటే పోయకు. ఎక్కువ ఆయిల్ అయితే ఎక్కువ సేఫ్ అనుకుంటారు కానీ కార్బొరేటర్లో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం, అదే జెట్, దాంట్లోంచి ఆయిల్ పోతే ఆ మేరకి పెట్రోల్ తగ్గుతుంది, మిశ్రమం పలచబడి వేడి పెరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ కూడా పాత కార్బొరేటర్‌కి మిశ్రమాన్ని పలచగానే చేస్తుంది, కాబట్టి మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించి మొదలుపెట్టు, ప్లగ్గు రంగు చూసి తర్వాత తగ్గించుకోవచ్చు. స్పార్క్ ఇప్పించే పాయింట్లు కూడా రెండు సిలిండర్లకీ విడివిడిగా ఉంటాయి, రెండిటి టైమింగూ చూడాలి, ఒకటి ముందుకి జరిగి ఉంటే ఆ సిలిండరే ముందు పోతుంది.

స్టార్ట్ చేసి సిలిండర్ రెక్కల (ఫిన్స్) మీద చెయ్యి ఆనించలేనంత వేడెక్కగానే ఆపు, పూర్తిగా చల్లారాక మళ్ళీ, అలా మూడుసార్లు. నిలబెట్టి ఎక్కువసేపు వద్దు, గాలి లేకపోతే ఇది చల్లబడదు. తర్వాత రోడ్డు మీద మొదటి 300 కిలోమీటర్లు 4000 ఆర్‌పీఎం లోపు, 800 దాకా 5000 లోపు, మధ్య మధ్యలో కొంచెం గట్టిగా లాగి వదిలెయ్, పావు గంటకోసారి ఆపి ఊపిరి తీసుకోనివ్వు. ఎండలో వద్దు, పొద్దున్నే నెక్లెస్ రోడ్డో ఔటర్ పక్క సర్వీస్ రోడ్డో చూసుకో. అన్నిటికంటే ముఖ్యం, ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే. బండి బరువెక్కినట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ తిప్పకు, క్లచ్ పట్టెయ్, పక్కకి తీసి ఆపెయ్, చల్లారాక కిక్కు దిగుతుందో లేదో చూడు.

నాన్నగారిని మాత్రం ఆ 800 నువ్వు పూర్తి చేశాకే ఎక్కించు. ఆయన అలవాటు చేతికి ఉంటుంది కదా, మూడో గేరులో తిప్పేస్తారు.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నాను. నేనూ మా అబ్బాయీ కలిసి మా గరాజ్‌లో పాత కమారోకి షెవర్లే 350 వీ8 ఇంజన్ కడుతున్నాం. క్యామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం. ఫోర్ స్ట్రోక్‌కి స్టార్ట్ చేసి తొందరగా రోడ్డెక్కించాలి అని మీరు పాత సంచికలో రాశారు, ఇక్కడ వాళ్ళు ముందు ఇరవై నిమిషాలు అక్కడే నడపాలి అంటున్నారు. ఏది కరెక్ట్? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీ ఇంజన్‌కి అక్కడి వాళ్ళు చెప్పిందే కరెక్టండి. రింగుల వరకూ నేను రాసింది నిజమే కానీ మీకు రింగుల కంటే ముందు క్యామ్ బతకాలి. ఫ్లాట్ ట్యాపెట్‌లో లిఫ్టర్, అంటే క్యామ్ మీద ఆనుతూ వాల్వుని తెరిపించే ముక్క, దాని అడుగు చూడటానికి చదునుగా ఉంటుంది కానీ నిజానికి కొద్దిగా ఉబ్బెత్తు, దాన్ని నెట్టే క్యామ్ ఉబ్బు, అదే లోబ్, కొద్దిగా ఏటవాలు, అందువల్ల లిఫ్టర్ తన గుంటలో గిర్రున తిరుగుతూ ఉంటుంది. తిరిగితే బతుకుతుంది, తిరగకపోతే కొన్ని నిమిషాల్లో లోబ్ అరిగిపోయి ఆ పొడి ఇంజనంతా పాకుతుంది. పైగా ఈ ఇంజన్లో క్యామ్ లోబులకి ఆయిల్ క్రాంక్ చిమ్మితేనే అందుతుంది, స్లోలో చిమ్మదు. కాబట్టి స్టార్ట్ అయిన వెంటనే 2000కి తీసుకెళ్ళి 2000 నుంచి 2500 మధ్య మారుస్తూ 20, 30 నిమిషాలు ఉంచాలి, అంతసేపూ స్లోకి రానివ్వకండి. మధ్యలో లీకో వేడో కనపడితే స్లోలో పెట్టి చూడకుండా ఇంజన్ ఆపేయండి, సరిచేసి మళ్ళీ మిగతా టైమ్ పూర్తి చేయండి.

దీనికి ముందు ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ తీసేసి ఆ రంధ్రంలోంచి ప్రైమింగ్ రాడ్ పెట్టి డ్రిల్ మెషిన్‌తో ఆయిల్ పంపు తిప్పండి, గడియారం తిరిగే వైపే, వాల్వుల్ని నొక్కే 16 రాకర్లలోనూ ఆయిల్ కారేదాకా. మధ్య మధ్యలో మీ అబ్బాయిని క్రాంక్ చేత్తో పావు చుట్టు తిప్పమనండి, లేకపోతే కొన్ని రాకర్లకి రాదు. స్టార్టర్‌తో ఆయిల్ ఎక్కించాలని చూడకండి, లోబులకి పూసిన పేస్టంతా తుడుచుకుపోతుంది. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోల్ ముందే నింపండి, టైమింగ్ పెట్టేయండి, కీ తిప్పగానే అందుకోవాలి. డబుల్ వాల్వ్ స్ప్రింగులు ఉంటే లోపలివి తీసేసి ఈ పని అయ్యాక వేయండి. ఆయిల్ జింకు, ఫాస్ఫరస్ ఎక్కువ ఉన్న బ్రేక్ ఇన్ ఆయిలే కొనండి, మామూలు కారు ఆయిల్లో క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా వాటిని తగ్గించేశారు. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి పెట్టండి, అరగంట వీ8 పొగ ప్రాణం తీస్తుంది, ఈ విషయంలో అబ్బాయి పక్కన ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త. అది అయ్యాక ఆయిల్, ఫిల్టర్ మార్చేసి, పైన జిప్సీ జవాబులో చెప్పినట్టే లాగుతూ వదులుతూ రింగులు కూర్చోబెట్టండి. రోలర్ క్యామ్ వేసుంటే ఈ ఇరవై నిమిషాల గొడవే ఉండేది కాదు, ఇంకా క్యామ్ బిగించకపోతే ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: కేటీఎం డ్యూక్ 390 సిలిండర్‌లో గీతలు పడ్డాయి. లోకల్ లేత్‌లో బోరు కొట్టి పెద్ద పిస్టన్ వేస్తామంటున్నారు, సగం ఖర్చే. చేయించమంటారా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. దాని గోడకి నికాసిల్ పూత ఉంటుంది, నికెల్‌లో సిలికాన్ కార్బైడ్ కలిపిన పూత, చాలా గట్టిది, చాలా పలచన. బోరు కొడితే ఆ పూత పోయి అల్యూమినియం బయటపడుతుంది, దాని మీద పిస్టన్ ఎక్కువ రోజులు నిలవదు. సిలిండర్, పిస్టన్ రెండూ కలిపి కొత్తవి వేయించండి, మార్చేటప్పుడు గీతలు ఎందుకు పడ్డాయో కూడా కనుక్కోండి, కూలెంట్ తగ్గిందా, ఆయిల్ లెవెల్ పడిపోయిందా, ఎయిర్ ఫిల్టర్ చిరిగిందా. ఆ కారణం అలాగే ఉంటే కొత్త సిలిండరూ అదే దారి పడుతుంది. బిగించాక రన్నింగ్ ఇన్, అంటే కొత్త ఇంజన్‌ని అలవాటు చేయడం మాత్రం కంపెనీ మాన్యువల్లో ఉన్న ఆర్‌పీఎం లెక్క ప్రకారమే చేయండి, మొదటి సర్వీసు ఆయిల్ ఒక్క రోజు కూడా లేట్ చేయకండి.